నౌపడ చేదు నీరు

శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు పండించే రైతుకి నీళ్లు ఎప్పుడు వదిలెయ్యాలో తెలియాలి. సముద్రపు నీరు ఎండకి చిక్కబడి, నీటి చిక్కదనం కొలిచే బామె మీటరు 25 డిగ్రీలు దాటాక ఉప్పు రాలడం మొదలవుతుంది. 29, 30 దగ్గరపడితే మడిలో మిగిలిన నీటిని బయటికి తోలెయ్యాల్సిందే. ఆలస్యం చేస్తే ఉప్పు చేదెక్కుతుంది. ఆ నీటిలో వేళ్లు ముంచి రుద్దితే నూనె తాకినట్టు జారుతుంది. లీటరు సముద్రపు నీటిలో ఉండేది సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం. అదంతా ఈ కాసిన్ని నీళ్లలో పేరుకుంటుంది. ముసురు పట్టిన రోజు జాడీలో రాళ్లుప్పు చెమ్మగిల్లడానికి కారణం కూడా దానికి అంటుకున్న మెగ్నీషియం క్లోరైడే.

పారబోసే ఈ లవణం మీదే ప్రపంచంలోని పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్‌లో చాలా భాగం పుడుతోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ప్రొపిలీన్ వాయువుని పొడవాటి గొలుసులుగా అల్లే ఉత్ప్రేరకాలపై చేసిన కృషికి కార్ల్ జీగ్లర్, గియులియో నట్టా 1963లో నోబెల్ అందుకున్నారు. అయితే ఉత్ప్రేరకంగా వాడిన ఆ టైటానియం క్లోరైడ్ రేణువుల్లో పైపొర ఒక్కటే పనిచేసేది, లోపలిదంతా దండగ. అది ప్లాస్టిక్‌లో మిగిలితే సరుకు చెడుతుంది గనక కడిగి తియ్యడం వేరే ఖర్చు. 1968లో ఇటలీలో మాంటెడిసన్, జపాన్‌లో మిత్సుయి కంపెనీలు, ఎవరికి వారుగా, టైటానియాన్ని మెగ్నీషియం క్లోరైడ్ మీద పరిచారు. రెండు లోహాల అయాన్లూ పరిమాణంలో దాదాపు సమానం, అందుకే ఈ లవణపు పొరల అంచుల్లో టైటానియం చక్కగా కుదురుకుంటుంది. గ్రాము ఉత్ప్రేరకం పదుల కిలోల ప్లాస్టిక్ ఇవ్వసాగింది. కడిగే పనే తప్పింది.

సముద్రంలో పుట్టిన ఈ లవణం ఉత్ప్రేరకం తయారీలో నీటి చుక్కని కూడా ఓర్చుకోదు. స్ఫటికంలో ఒక్కో మెగ్నీషియం ఆరు నీటి అణువుల్ని పట్టుకుని ఉంటుంది. పొయ్యి మీద మామూలుగా కాస్తే ఆమ్లపు పొగ వెళ్లిపోయి పనికిరాని పొడి మిగులుతుంది. అందుకే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు మధ్య ఆరబెడతారు. తర్వాత ఆల్కహాల్‌తో కలిపి సన్నని గుండ్రటి గింజలు చేసి, టైటానియం టెట్రాక్లోరైడ్‌లో నానబెడతారు. ఆల్కహాల్ పోయిన చోట టైటానియం కూర్చుంటుంది. రియాక్టర్‌లో ఆ గింజ లోపలినుంచి పగులుతూ పేలంలా ఉబ్బుతుంది. గింజ గుండ్రమైతే ప్లాస్టిక్ పూసా గుండ్రమే.

మెగ్నీషియం ఆధారంగా చేసే ఉత్ప్రేరకాల మీద మనవాళ్లూ పనిచేశారు. హైదరాబాద్ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో బి.ఎం. చౌదరి బృందం మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరల మీద పల్లాడియం నానో రేణువుల్ని నిలిపి, 2002లో ఆ ఫలితాల్ని ప్రకటించింది. రసాయన చర్య అయ్యాక ఖరీదైన పల్లాడియాన్ని వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఉప్పు నింపే తెల్లని నేత సంచులు ఇప్పుడు చాలావరకు పాలిప్రొపిలీన్‌వే. మడి గట్టున ఒక పక్క ఆ సంచులకి మూతి కుడుతుంటారు, ఇంకో పక్క కాలవలో చేదు నీరు పోతూ ఉంటుంది.