ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు చదివించిన పద్మ

నర్సంపేటలో పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే డీటీపీ షాపుల వాళ్లకు ఊపిరి సలపదు. శుభలేఖలో వేయాల్సిన పేర్లు, ముహూర్తం, విందు వేళ అన్నీ పెళ్లివారు వాట్సాప్‌లోనే తెలుగులో టైపు చేసి పంపుతున్నారు. ఆ మెసేజీని కాపీ చేసి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పేస్టు చేస్తే అక్షరాల బదులు వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. ఫోన్ పంపింది యూనికోడ్ తెలుగు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి వెర్షన్. 2004లో అడోబీ సంస్థ దాని అభివృద్ధి ఆపేసింది. షాపులో వాడే అను ఫాంట్ల లెక్క వేరు. అందుకే ఆపరేటరు ఆ మెసేజీని ముందు ఒక కన్వర్టర్‌లో వేసి, అను సంకేతాల్లోకి మార్చుకుని, అప్పుడు పేజీలోకి తెచ్చుకుంటాడు. మార్చాక కూడా ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాల్సిందే.

ఇరవై ఏళ్ల కింద ఇదే చిక్కు ఇంటర్నెట్‌లో తెలుగు చదివే అందరికీ ఉండేది. 'ఈనాడు', 'వార్త' వంటి పత్రికల వెబ్‌సైట్లు దేనికది సొంత ఫాంటు పెట్టుకున్నాయి. పేజీతో పాటే ఆ ఫాంటును కూడా తెచ్చి చూపించే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరులోనే సరిగా పనిచేసేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే వార్త ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, వింత గుర్తులు కలగాపులగంగా కనిపించేవి.

ఈ చిక్కుముడి విప్పినవారు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టింది కూడా ఆయనే. ఆయన రాసిన 'పద్మ' ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకునే ఒక ఎక్స్‌టెన్షన్. దాన్ని ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే, పత్రిక పేజీ తెరవగానే అందులోని సొంత ఫాంటు సంకేతాలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. పత్రిక వారు తమ సైటులో ఒక్క అక్షరం మార్చలేదు, ఫైర్‌ఫాక్స్ తయారుచేసిన మొజిల్లా వారికి తెలుగు ఫాంట్ల గొడవ తెలియనక్కర్లేదు. ఇద్దరి మధ్య ఒక మూడో వ్యక్తి రాసిన చిన్న ప్రోగ్రాము పని చక్కబెట్టింది. ప్లగిన్, ఎక్స్‌టెన్షన్, యాడ్ ఆన్ అని రకరకాల పేర్లతో పిలిచే వాటన్నిటి సారం ఇదే.

ట్రాక్టరు తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ట్రాక్టరు వెనక మూడు కొక్కేల లింకేజీ ఉంటుంది. హ్యారీ ఫెర్గూసన్ 1926లో దీనికి పేటెంటు పొందాడు. ఆ కొక్కేల కొలత అందరికీ తెలుసు కాబట్టి కల్టివేటర్ ఒక కంపెనీదైనా, రోటవేటర్ ఇంకో కంపెనీదైనా అదే ట్రాక్టరుకు తగిలించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆ కొక్కేల పని చేసేది ఏపీఐ. 'ఫలానా చోట నా పేజీ ఇస్తాను, నువ్వు మార్చి తిరిగివ్వు' అని అసలు ప్రోగ్రాము ముందే రాసిపెట్టిన ఒప్పందం అది.

ఆ ఒప్పందాలు 1980ల చివర్లోనే వ్యక్తిగత కంప్యూటర్లలోకి వచ్చాయి. ఆపిల్ వారి హైపర్‌కార్డ్ 1987లో బయటివాళ్లు రాసిన ఆదేశాలను తనలో కలుపుకుంది. ఫొటోషాప్ బొమ్మల ఫిల్టర్లకు తలుపు తెరిచింది. 1996లో నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 తెచ్చిన పద్ధతితో బ్రౌజర్‌లోనే పీడీఎఫ్ చూడటం, వీడియో ఆడించడం వీలైంది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చేసరికి ఎక్స్‌టెన్షన్లే దాని పెద్ద ఆకర్షణ. పద్మ పుట్టింది ఆ ఊపులోనే.

పద్మ లాంటి మార్పిడి సాధనానికి పని ఎంత కష్టమో తెలియాలంటే మళ్లీ డీటీపీ షాపుకే వెళ్లాలి. పాత అను ఫైలులోని 'మన' అనే మాటను కాపీ చేసి ఫోన్‌కు పంపితే, అక్కడ ముందు సమానం గుర్తు, దాని పక్కన గణితంలోని అనంతం గుర్తు కనిపిస్తాయి. ఆ రెండూ కలిస్తేనే 'మ'. విడిగా సమానం గుర్తు ఒక్కటే ఉంటే అది 'వ'. అనంతం గుర్తు అను లెక్కలో కొమ్ము. 'గు' రాయాలంటే 'గ' ఆకారానికి ఒక ముక్క, తలకట్టుకు ఒక ముక్క, కొమ్ముకు ఒక ముక్క, వెరసి మూడు. అదే కొమ్ము ముక్క 'వ' పక్కన చేరితే మాత్రం 'వు' కాదు, 'మ' అవుతుంది. 'వు' కావాలంటే వేరే కొమ్ము వాడాలి. కాగితం మీద కంటికి సరిగ్గా కనిపిస్తే చాలుననే పద్ధతి ఇది. ఫాంటులో గళ్లు తక్కువ, తెలుగు ఆకారాలు ఎక్కువ. ఉన్నవాటితోనే సర్దుకోక తప్పలేదు.

యూనికోడ్ ఆకారాన్ని కాక పలుకును దాస్తుంది. తెలుగుకు అది 3072 నుంచి 3199 వరకు అంకెలు కేటాయించింది. 'క్ర' అంటే 3093 క, 3149 పొల్లు, 3120 ర. పలికే వరసే దాచే వరస. పాత ఫాంట్లు కొన్నింటిలో రావత్తు అక్షరానికి ఎడమవైపు నుంచి మొదలవుతుంది కాబట్టి దాని ముక్క ముందు, 'క' ముక్క తర్వాత ఉంటాయి. మార్చే ప్రోగ్రాము ఆ రావత్తును చేతిలో పట్టుకుని, వెనక వచ్చే హల్లు కోసం ఆగి, రెండూ దొరికాక తిరగేసి రాయాలి. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక, ఒక్కో మినహాయింపుల జాబితా కావాలి. నాగార్జున ఈ పట్టికలను ఓపిగ్గా కూర్చారు. తర్వాత తమిళం, మలయాళం వంటి ఇతర భారతీయ భాషలకూ పద్మ విస్తరించింది. తెలుగు కంప్యూటింగ్‌లో ఇంత నిశ్శబ్దంగా ఇంత మేలు చేసినవి తక్కువ.

పద్మ ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు. మార్చిన యూనికోడ్‌ను చూపించడానికి కంప్యూటరులో తెలుగు ఫాంటు కూడా ఉండాలి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది కానీ, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి భారతీయ లిపుల మద్దతును విడిగా ఎక్కించుకోవాలి. చాలాసార్లు దానికి విండోస్ సీడీ అడిగేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000 ఫాంటు ఆ రోజుల్లో ఎందరికో అక్కరకొచ్చింది. ఓరుగల్లు గడ్డ మీద పుట్టిన బమ్మెర పోతన పేరు తెలుగు తెరల మీదికి అలా కూడా చేరింది.

మరి ఆ పద్మ ఇప్పుడెందుకు లేదు? ముందుగా అవసరమే తగ్గింది. పత్రికల సైట్లు ఒక్కొక్కటిగా యూనికోడ్‌కు మారాయి. రెండో కారణం ఫైర్‌ఫాక్స్‌ది. 2017 నవంబరు 14న వచ్చిన 57వ వెర్షన్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టేసింది. కొత్త పద్ధతిలో తిరిగి రాసుకున్నవే బతికాయి. వేలమంది స్వచ్ఛందంగా రాసిన పని అలా ఆగిపోవడం బాధాకరమే. అయినా మొజిల్లా నిర్ణయాన్ని తప్పుపట్టలేం. పాత ఎక్స్‌టెన్షన్‌కు బ్రౌజరు గుండెకాయ దాకా వెళ్లే అధికారం ఉండేది. కంప్యూటరులోని ఫైళ్లు చదవగలదు, బ్రౌజరు మెనూలు మార్చగలదు. ఒక్కటి చెడ్డదైతే మొత్తం చెడ్డట్టే. కొత్త పద్ధతిలో ముఖ్యమైన పనులకు ముందుగా అనుమతి అడగాలి.

కొక్కెం మార్చే అధికారం ఎప్పుడూ అసలు ప్రోగ్రాము యజమానిదే. 2015 సెప్టెంబరులో క్రోమ్ 45 నెట్‌స్కేప్ కాలం నాటి ప్లగిన్ పద్ధతిని పూర్తిగా తీసేయడంతో జావా ఆప్లెట్ల మీద నడిచే సైట్లు క్రోమ్‌లో ఆగిపోయాయి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లగిన్‌కు నూకలు చెల్లాయి. డిజిటల్ సంతకంతో జీఎస్‌టీ రిటర్ను వేసే కంపెనీల అకౌంటెంట్లు ఇప్పుడు ఎంసైనర్ అనే ప్రోగ్రామును కంప్యూటరులో విడిగా నడిపి, యూఎస్‌బీ టోకెన్ గుచ్చి, ఆ తర్వాతే వెబ్‌సైటులో సంతకం బటన్ నొక్కుతారు. బ్రౌజరు లోపల చోటు పోయింది కాబట్టి ఆ పని బ్రౌజరు పక్కకు జరిగింది. 2024 నుంచి క్రోమ్ ఇంకో విడత పాత ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ ఆ దెబ్బకు అక్కడ పోయింది, ఫైర్‌ఫాక్స్‌లో నిలిచింది.

పద్మ పోయినా దాని పని పోలేదు. అది మార్చి ఇచ్చింది యూనికోడ్ కాబట్టి, అప్పట్లో దాని సాయంతో దాచుకున్న వ్యాసాన్ని ఇవాళ ఏ ఫోన్‌లోనైనా చదవొచ్చు. దాని కోడు అందరికీ తెరిచి ఉంది కాబట్టి, ఆ కోడు ఆధారంగానే 2006లో వీవెన్ 'లేఖిని'ని తయారుచేశారు. ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు టైపు చేయడం లేఖినితోనే నేర్చుకున్న తరం ఒకటుంది. తెలుగు వికీపీడియాలో ఇప్పుడు ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు; సర్వరులోనే ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్ వల్ల కంట్రోల్, ఎం మీటలు కలిపి నొక్కితే తెలుగు టైపింగ్ మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఏ ప్లగిన్ ఎంచుకోవాలన్నా మొదట చూడాల్సింది ఇదే: అది రేపు లేకపోతే మన ఫైలు మనకు తెరుచుకుంటుందా? తనకు మాత్రమే అర్థమయ్యే రూపంలో పనిని దాచే ప్లగిన్, ఎంత సౌకర్యంగా ఉన్నా, దూరంగా ఉంచదగ్గదే.

రెండోది, అనుమతి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు క్రోమ్ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. అందులో 'రీడ్ అండ్ చేంజ్ ఆల్ యువర్ డేటా ఆన్ ఆల్ వెబ్‌సైట్స్' అని ఉంటే, మీరు తెరిచే ప్రతి పేజీని, బ్యాంకు పేజీతో సహా, ఆ ఎక్స్‌టెన్షన్ చదవగలదు, మార్చగలదు. పద్మ లాంటిదానికి పేజీలోని అక్షరాలు చదవడమే పని కాబట్టి ఆ అధికారం లేనిదే గడవదు. వాల్‌పేపరు మార్చే ఎక్స్‌టెన్షన్‌కు అదెందుకు? అవసరమై పెట్టుకున్నదానికైనా, అన్ని సైట్ల మీదా కాకుండా నొక్కినప్పుడే పనిచేసేలా, లేదా ఎంచిన సైట్లలోనే పనిచేసేలా దాని వివరాల పేజీలో కట్టడి చేసుకోవచ్చు. ఈ సదుపాయం ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

మంచి ప్లగిన్ ఎప్పటికీ మంచిగానే ఉంటుందన్న హామీ లేదు. 'ది గ్రేట్ సస్పెండర్' అనేది వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసే ఎక్స్‌టెన్షన్. 20 లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో దాన్ని రాసినవాడు వేరొకరికి అప్పగించాడు. కొత్త యజమాని పెట్టిన అప్‌డేట్లలో అనుమానాస్పద కోడు బయటపడి, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని అందరి కంప్యూటర్లలోనూ నిలిపేసింది. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థకే ఇంకో రకం దెబ్బ తగిలింది. క్రోమ్ స్టోర్ నుంచి వచ్చినట్టు కనిపించిన ఒక దొంగ ఈమెయిలును నమ్మి ఉద్యోగి అనుమతి ఇవ్వడంతో, దుండగులు ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్‌కు చెడ్డ వెర్షన్ ఎక్కించారు. దాని వాడుకరులు 4 లక్షల దాకా ఉన్నారు. అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి కాబట్టి వాళ్లెవరూ ఏ బటనూ నొక్కకుండానే ముప్పులో పడ్డారు.

అలాగని అప్‌డేట్లు ఆపేయడం ఇంకా ప్రమాదం. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే సైట్లకు ఇది మరీ వర్తిస్తుంది. 2020 సెప్టెంబరులో 'ఫైల్ మేనేజర్' అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో ఒక లోపం బయటపడింది. 7 లక్షలకు పైగా సైట్లలో అది ఉంది. లోపం సరిచేసిన వెర్షన్ వెంటనే వచ్చినా, ఎక్కించుకోని సైట్లలోకి దాడిచేసేవాళ్లు దూరారు. బడికో, దుకాణానికో సైటు చేయించుకుని మళ్లీ దాని ముఖం చూడనివారు కనీసం నెలకోసారైనా ప్లగిన్ల పేజీ తెరవాలి. వాడనిదాన్ని ఆపి ఉంచితే చాలదు, డిలీట్ చేయాలి. ఆపిన ప్లగిన్ ఫైళ్లు సర్వరులో అలాగే ఉంటాయి.

ఒక్కోసారి తప్పు ప్లగిన్‌దీ కాదు, వాడేవారిదీ కాదు. 2019 మే 4న, మన టైములో తెల్లవారి ఐదున్నర దాటాక, మొజిల్లా వారి ఒక భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ప్రపంచవ్యాప్తంగా ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లు పనిచేయడం మానేశాయి. అలాంటప్పుడు కంగారుపడి తీసేసి మళ్లీ ఎక్కిస్తే అందులో దాచుకున్న సెట్టింగులు పోవచ్చు. బ్రౌజరు వారి ప్రకటన కోసం కాసేపు ఆగడమే మేలు.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి ఎక్స్‌టెన్షన్స్‌లోకి, అక్కడినుంచి మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్‌లోకి వెళ్తే ఉన్నవన్నీ కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఏ మీటలు కలిపి నొక్కాలి. ఎప్పుడు పెట్టుకున్నారో గుర్తులేనివి, ఎవరు తయారుచేశారో తెలియనివి తీసేయడానికి వెనకాడనక్కర్లేదు.

తెలుగుకు ఇంకా చాలా ఎక్స్‌టెన్షన్లు కావాలి. పేజీలోని అక్షరదోషాలు పట్టిచూపేది, పాత అను ఫైళ్లను ఒత్తులు చెడకుండా మార్చేది, చూపు తక్కువైనవారికి తెలుగు పేజీని తేటగా చదివి వినిపించేది ఉంటే ఎంత బాగుంటుంది! నర్సంపేట పక్కన లక్నేపల్లిలోనే ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఎవరో చేసినదాన్నే మళ్లీ చేసే బదులు, విద్యార్థులు వీటిలో ఒకదాన్ని చేపట్టాలి. మొదలుపెట్టడానికి కావాల్సింది ఎక్స్‌టెన్షన్ పేరు, అనుమతులు రాసే ఒక మేనిఫెస్ట్ ఫైలు, పని చేసే ఒక జావాస్క్రిప్ట్ ఫైలు. అక్షరాల మార్పిడి పట్టికలకు నమూనాగా పద్మ కోడు ఉంది. తయారయ్యాక క్రోమ్ స్టోర్‌లో పెట్టడానికి ఒకసారి కట్టే రుసుము 5 డాలర్లు, ఫైర్‌ఫాక్స్‌లో అదీ లేదు.