ఒక డాలరు, ఇరవై రూపాయలు, ఇద్దరు మనుషులు

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ళ గనుల్లోనో, పాలిష్ యూనిట్లలోనో కూలికి పోయే మనిషి ప్రమాదంలో పోతే, ఆ ఇంటికి మూడో రోజు నుంచే అప్పు మొదలవుతుంది. దినాలు జరపాలి, పిల్లల ఫీజులు కట్టాలి, బియ్యం తేవాలి. తెచ్చే మనిషి లేడు. ఈ కష్టాన్నే 140 ఏళ్ళ కిందట అమెరికాలో ఒక కతోలిక గురువు లెక్కగట్టి చూశారు.

ఆయన పేరు మైఖేల్ మెక్‌గివ్నీ. 13 మంది సంతానంలో పెద్దవాడు. 1873లో తండ్రి చనిపోతే గురువిద్య ఆపి ఇంటికి రావాల్సి వచ్చింది, మేత్రాణుల (బిషప్) సాయంతో మళ్ళీ చదువు కొనసాగించాడు. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో సహాయ గురువుగా ఉంటూ, తన విచారణలో (పారిష్‌లో) ఇంటిపెద్ద పోయాక చెదిరిపోతున్న కుటుంబాలను చూశాడు. గుడి నేలమాళిగలో గృహస్థులను కూర్చోబెట్టి మాట్లాడాడు. 1882 మార్చి 29న నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే సోదర సంఘానికి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 29.

ఆ సంఘం మొదటి లెక్క చాలా చిన్నది. సభ్యుడు చనిపోతే మిగతావాళ్ళు తలా ఒక డాలరు వేయాలి. చనిపోయిన సభ్యుడి భార్యకు 1,000 డాలర్లు అందాలి. సభ్యులు వెయ్యి దాటే కొద్దీ ఒక్కొక్కరి వంతు తగ్గుతూ వస్తుంది. అంటే సంఘం పెరిగితే భారం తగ్గుతుంది, సాయం మాత్రం తగ్గదు. నేడు ఆ సంఘంలో 20 లక్షలకు పైగా సభ్యులున్నారు, వారి బీమా విలువ 10,000 కోట్ల డాలర్లు దాటింది. మెక్‌గివ్నీ మాత్రం 38 ఏళ్ళకే 1890లో కన్నుమూశారు. 2020 అక్టోబరు 31న తిరుసభ ఆయన్ను ధన్యుడిగా ప్రకటించింది.

తెలుగు నేలపై ఎక్కువమందికి ఈ సంఘం పరిచయం లేదు. మన విచారణల్లో వినబడే పేరు మరొకటి, విన్సెంట్ డి పాల్ సొసైటీ. దాని పుట్టుక ఇంకా పాతది. 1832లో పారిస్‌ను కలరా ఊడ్చేసింది. విశ్వాసం గురించి వాదించే కతోలిక విద్యార్థులను తోటివాళ్ళు నిలదీశారు: పేదలకు మీరిప్పుడు చేస్తున్నదేమిటని. ఫ్రెడరిక్ ఓజనామ్ అనే కుర్రవాడికి ఆ ప్రశ్న గుచ్చుకుంది. 1833 ఏప్రిల్ 23న, ఓజనామ్ 20వ పుట్టినరోజు నాడే, ఆయనతో కలిపి ఆరుగురు విద్యార్థులు, ఇమ్మాన్యుయేల్ బాయీ అనే పత్రికా సంపాదకుడు కలిసి తొలి సమావేశం జరిపారు. ఓజనామ్ మొదట పట్టుకెళ్ళింది డబ్బు కాదు, తన చలికాలపు కట్టెల్లో మిగిలినవి. ఏ ఇంటికి వెళ్ళాలో చూపించింది రోజలీ రాందు అనే సిస్టర్. ఇప్పుడు ఆ సొసైటీ 150కి పైగా దేశాల్లో ఉంది, సభ్యులు దాదాపు 8 లక్షల మంది.

దీని పని తీరు తెలుసుకోదగ్గది. విచారణకు ఒక బృందం, దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. నడిపేది గురువులు కాదు, గృహస్థులే. ప్రార్థనతో కూర్చుంటారు, ప్రార్థనతో లేస్తారు. మధ్యలో ఒక సంచి తిరుగుతుంది, ఎవరెంత వేశారో పక్కవాడికి కూడా తెలియదు. పేద ఇంటికి ఇద్దరిద్దరుగా వెళతారు. ఆ ఇంటి మతం అడగరు. చూసిన గుట్టు బయట పెట్టరు. వచ్చిన డబ్బు దాచి పెంచుకోవడం వారి పద్ధతి కాదు. సభ్యుల ఆత్మీయ ఎదుగుదల కూడా ఈ నడకలోనే ఉందని వారి నమ్మకం. మత్తయి సువార్త 25వ అధ్యాయం చదివినవారికి ఇది వివరించనక్కర్లేదు. ఇంటి గడప తొక్కి, చాప మీద కూర్చుని, ముసలమ్మ మందుల చీటీ చదివే సేవను ఏ పెద్ద ట్రస్టూ భర్తీ చేయలేదు.

మన ప్రాంతానికి క్రైస్తవ సేవ కొత్త కాదు. జమ్మలమడుగు కాంప్‌బెల్ ఆసుపత్రి లండన్ మిషనరీ సొసైటీ వారి ప్రొటెస్టంట్ సేవాఫలం. కతోలికుల వైపు కడప మేత్రాసనం (డయోసిస్) 1976లో ఏర్పడింది. 2022లో తొలి తెలుగు కార్డినల్ అయిన పూల ఆంతోని గారు 1992లో గురువుగా అభిషిక్తులైంది ఈ మేత్రాసనానికే. ఆయన పేద పిల్లలకు, వృద్ధులకు దాతలను జతచేసే కార్యక్రమ బాధ్యతను కూడా చూశారు.

అయినా ఒక లోటు నాకు స్పష్టంగా కనబడుతోంది. బియ్యం సంచి నెల గడుపుతుంది. ఇంటిపెద్ద పోయిన దెబ్బను ఆపలేదు. ఓజనామ్ నడకకు మెక్‌గివ్నీ లెక్క తోడవ్వాలి. అందుకు కొత్త సంఘం అక్కర్లేదు, ప్రభుత్వ బీమాలు చాలు. ప్రధానమంత్రి సురక్ష బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళవారికి. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్ష. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, 50 ఏళ్ళ లోపు చేరాలి. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. కొత్తగా చేరినవారికి మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే వర్తిస్తుంది.

పది మంది సభ్యులు వారానికి తలా పది రూపాయలు సంచిలో వేస్తే ఏడాదికి 5,200. దాంతో 11 మంది కూలీలకు రెండు బీమాలూ కట్టవచ్చు, ఇంకా 184 రూపాయలు మిగులుతాయి. సురక్ష ఒక్కటే అయితే 260 మందికి సరిపోతుంది. డబ్బు కంటే ముఖ్యం ఆ ఇద్దరు వెళ్ళి అడగడం. బ్యాంకు ఖాతా నడుస్తోందా? నామినీ పేరు సరిగా ఉందా? బీమా ఉన్న సంగతి ఇంట్లో ఆమెకు తెలుసా? తెలియని బీమా లేని బీమాతో సమానం.

ఎర్రగుంట్లలో, ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఏ గుడికి వెళ్ళేవారైనా, ఏ గుడికీ వెళ్ళనివారైనా తమ వీధిలో ఒక్క కూలీ ఇంటికి వెళ్ళి ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఈ రెండు బీమాల ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. రెండూ కావాలంటే మే నెలాఖరుకు ఆ కూలీ ఖాతాలో 456 రూపాయలు ఉండాలి.