శేషాచలం అడవి పేరు ఇంగ్లీషులో ఎలా వ్రాయాలి?

కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, కోలారు బంగారు గనుల ప్రాంతాల తెలుగు కుటుంబాలకు తిరుపతి ప్రయాణం కొత్త కాదు. అయితే ఇంట తెలుగు, బడిలో కన్నడం, పరీక్షలో ఇంగ్లీషు అనే మూడు భాషల నడుమ పెరిగే పిల్లలు ఆ కొండల అడవిని గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు వ్రాయవలసి వస్తే మొదటి వాక్యంలోనే తడబడతారు. ఒకరు 'తిరుపతి ఫారెస్ట్ పార్క్' అంటారు, మరొకరు 'శేషాచలం నేషనల్ పార్క్' అంటారు. ఈ రెండూ దాని పేర్లు కావు.

1989లో అప్పటి చిత్తూరు, కడప జిల్లాలలోని సుమారు 353 చదరపు కిలోమీటర్ల అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. దానికి పెట్టిన పేరు 'శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్'. శేషాచలం అన్న మాట ఇందులో లేదు. అది 2010లో ఏర్పడిన 'శేషాచలం హిల్స్ బయోస్ఫియర్ రిజర్వ్' పేరులోనిది. ఈ రెండవది దాదాపు 4,755 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల పెద్ద పరిధి. జాతీయ ఉద్యానవనం దానిలోపలి భాగం మాత్రమే. ఎర్రచందనం గురించి వ్రాసేటప్పుడు రెండవ పేరు, తలకోన జలపాతం ఉన్న ఉద్యానవనాన్ని గురించి వ్రాసేటప్పుడు మొదటి పేరు సరిపోతుంది. రెండింటినీ కలిపి మూడవ పేరు సృష్టించరాదు.

సరిహద్దు పిల్లలకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటి ఇక్కడ ఉన్నది. కన్నడ పాఠ్యపుస్తకంలో 'రాష్ట్రీయ ఉద్యానవన' అని చదివిన పిల్లవాడు దానిని ఇంటి తెలుగులో అర్థం చేసుకొని ఇంగ్లీషులో 'స్టేట్ పార్క్' అని వ్రాస్తాడు. తెలుగులో రాష్ట్రమంటే ఆంధ్ర, కర్ణాటక వంటిది. కన్నడంలో రాష్ట్రమంటే దేశం. మనం రాష్ట్రమనే దానిని వారు రాజ్యమంటారు. కన్నడ 'రాష్ట్రీయ'కు ఇంగ్లీషు మాట 'నేషనల్'. ఈ తప్పు బుద్ధిలేని పిల్లలు చేసేది కాదు, రెండు భాషలూ తెలిసిన పిల్లలు చేసేది. కనుక కోప్పడకుండా విడమరచి చెప్పాలి.

వర్ణక్రమం విషయానికి వస్తే, 'వేంకటేశ్వర'లోని 'శ్వ'ను ఆంధ్రలో సాధారణంగా ఎస్, డబ్ల్యూ అక్షరాలతో వ్రాస్తారు. కర్ణాటకలో ఎస్ తరువాత హెచ్ చేర్చడం ఎక్కువ. మాటగా చూస్తే ఏదీ తప్పు కాదు. పేరుగా చూసినప్పుడు మాత్రం పెట్టినవారు వ్రాసిన తీరే ప్రమాణం. 1954లో తిరుపతిలో స్థాపించిన విశ్వవిద్యాలయం పేరులో హెచ్ లేదు, ఉద్యానవనం పేరులోనూ లేదు. బడి రికార్డులో వెంకటేశ్ అన్న తన పేరును హెచ్‌తో వ్రాసే కోలారు విద్యార్థి, అదే కాగితం మీద ఉద్యానవనం పేరును హెచ్ లేకుండా వ్రాస్తే అందులో వైరుధ్యమేమీ లేదు.

గనుల ఊరివారికి ఇది చెప్పనక్కరలేదు. నందిదుర్గం పేరుగల గనిని ఇంగ్లీషువారు 'ఎన్' తరువాత 'యు' పెట్టి, నడుమ 'వై' చేర్చి, చివర 'డ్రూగ్' అని వ్రాశారు. గనులు 2001లో మూతపడినా పాత కాగితాలలో గని పేరు అలాగే ఉన్నది. కొండను మాత్రం నేడు 'నంది హిల్స్' అని 'ఏ', 'ఐ' అక్షరాలతో వ్రాస్తారు. 2007 నుండి ఆ కొండ చిక్కబళ్ళాపురం జిల్లాలోనిది. గని పేరు గనికీ, కొండ పేరు కొండకూ చెల్లుతాయి.

'శేషాచలం హిల్స్' అనడంలో పునరుక్తి లేదా అని తెలుగు పండితులు అడగవచ్చు. అచలమంటేనే కొండ. తిరుమలలోని 'మల' కూడా కొండయే. స్పెయిన్ దేశంలో 1999లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన సియెర్రా నెవాడాకు 'మౌంటెన్స్' అని చేర్చడమూ ఇటువంటిదే, ఎందుకంటే స్పానిష్‌లో 'సియెర్రా' అంటేనే పర్వతశ్రేణి. సియెర్రా నెవాడాను అలాగే వదలివేయడం మేలు. శేషాచలానికి మాత్రం 'హిల్స్' ఉండవలసిందే, ఎందుకంటే రిజర్వ్ పేరులోనే ఆ మాట ఉన్నది. 'ఆవని బెట్ట హిల్' వంటి వాటిలో పునరుక్తిని సులభంగా తప్పించవచ్చు. 'ఆవని బెట్ట' అనో 'ఆవని హిల్' అనో వ్రాస్తే చాలు.

తెలుగులోనూ కన్నడంలోనూ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న భేదం లేదు. 'ది' వంటి మాటా లేదు. ఇంగ్లీషులో ఉద్యానవనం పూర్తి పేరు వ్రాసేటప్పుడు నాలుగు మాటలకూ మొదటి అక్షరం పెద్దది. ముందు 'ది' అక్కరలేదు. 'ఆ ఉద్యానవనం' అని మాత్రమే చెప్పదలచినప్పుడు 'ది నేషనల్ పార్క్' అని చిన్న అక్షరాలతో వ్రాయాలి. శేషాచలం హిల్స్, ఈస్టర్న్ ఘాట్స్ వంటి కొండల వరుసలకు ముందు 'ది' తప్పదు.

ఇంతవరకు చెప్పినది మార్కుల సంగతి. గొర్రెలు, మేకలు, పశువులు ఉన్న కుటుంబాలకు 'నేషనల్ పార్క్', 'వైల్డ్‌లైఫ్ శాంక్చువరీ' అన్న మాటల నడుమ భేదం మరింత ముఖ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో పశువుల మేతకు అనుమతి లేదు. అభయారణ్యంలో మేతను నియంత్రించే అధికారం, అవసరమైతే నిషేధించే అధికారం అటవీ అధికారికి ఉన్నది. అంటే అక్కడ అడగడానికి కొంత తావుంటుంది. పలమనేరు, కుప్పం అడవులలో 1990లో ఏర్పడిన కౌండిన్య, ఏనుగుల కారణంగా సరిహద్దు పల్లెలకు సుపరిచితం. అది అభయారణ్యం, జాతీయ ఉద్యానవనం కాదు. అర్జీలో దానిని 'కౌండిన్య నేషనల్ పార్క్' అని వ్రాసినవాడు తన మేకల మేతకు దారి లేదని తానే ఒప్పుకున్నట్లవుతుంది.

కౌండిన్యను ఇంగ్లీషులో కొన్ని కాగితాలలో 'కె, ఓ, యు' అనీ, మరికొన్నింటిలో 'కె, ఏ, యు' అనీ వ్రాస్తున్నారు. అర్జీ వ్రాసేవారు తమకు వచ్చిన నోటీసులోనో, ఉత్తర్వులోనో ఉన్న తీరును ఒక్కొక్క అక్షరం చూసి ఎత్తి వ్రాసి, చివరి వరకు దానినే కొనసాగించాలి. పేరు కింద గ్రామం, తాలూకా లేదా మండలం, జిల్లా, రాష్ట్రం తెలపాలి. ఈ సరిహద్దున ఒకే పేరుగల ఊరు అటూ ఇటూ ఉండవచ్చును.