అతిచురుకైన అవటు గ్రంథి: ఉపశమనము వేరు, చికిత్స వేరు

వేసవిలో సిద్దిపేట ప్రాంతమున ఉక్కపోయుట, చెమట పట్టుట వింత కాదు. కాని ఇంటిల్లిపాది దుప్పట్లు కప్పుకొనెడి చలిరాత్రి ఒక్కరికి మాత్రమే ఒళ్లు ఉడుకెత్తి, నిద్ర పట్టకున్నచో అది ఆలోచింపవలసిన సంగతి. ఆకలి పెరిగినను మనిషి నానాటికి చిక్కిపోవును. కూర్చున్నచోటనే గుండె దడదడ కొట్టుకొనును. చిన్నమాటకే కోపము వచ్చును. ఈ ప్రాంతమున చేనేత, బీడీల పని పెక్కు కుటుంబములకు జీవనాధారము. రెండును వ్రేళ్ల నిలుకడపై ఆధారపడిన పనులే. తునికాకు కత్తిరించునపుడో, తెగిన పోగు అతుకునపుడో చేతులు సన్నగా వణకుచున్నచో దానిని నీరసమని త్రోసివేయరాదు. వృద్ధులలో ఈ లక్షణములు స్పష్టముగా కనిపించకపోవచ్చును. వట్టి బలహీనత, నాడి క్రమము తప్పుట మాత్రమే ఉండవచ్చును.

కంఠమణికి దిగువ సీతాకోకచిలుక ఆకారముననున్న చిన్న గ్రంథిని అవటు గ్రంథి అందురు. జనులు థైరాయిడ్ అని పిలుచునది దీనినే. దేహమునందలి సకల వ్యాపారముల వేగమును ఇది తన హార్మోనుతో నియమించును. హార్మోను మితిమీరినచో దేహయంత్రమంతయు పరుగులు పెట్టును. ఇందుకు ముఖ్యకారణము, 1835లో డబ్లిన్ నగర వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించిన వ్యాధి. దేహరక్షణకై ఉన్న శక్తులే పొరపాటున గ్రంథిని రెచ్చగొట్టుట దీని స్వభావము. పురుషులకన్న స్త్రీలలో ఇది చాల ఎక్కువ. గ్రంథిలో గడ్డలు లేచుట, గ్రంథి వాచుట కూడ కారణములు కావచ్చును. వాపు వలన వచ్చినది పెక్కుసార్లు తానై తగ్గును. కనుక కారణము తేల్చకుండ మందు మొదలిడుట తగదు.

వ్యాధిని గుర్తించుటకు రక్తపరీక్ష చాలును. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల, 2021లో ఉచిత రోగనిర్ధారణ కేంద్రము ఏర్పడినవి. ఫలితము చదువుటలో ఒక తికమక కలదు. టీ.ఎస్.హెచ్. అనునది మెదడు అడుగుననున్న గ్రంథి అవటు గ్రంథికి పంపు ఆజ్ఞ. హార్మోను ఎక్కువైనపుడు ఆజ్ఞతో పనిలేదు గనుక ఆ సంఖ్య తగ్గును. సంఖ్య తగ్గినది గనుక థైరాయిడ్ తక్కువైనదని భావించి, పొరుగింటివారు పరగడుపున వేసికొను మాత్రను అడిగి వేసికొనుట ప్రమాదము. అది దీనికి సరిగా వ్యతిరేకమైన జబ్బుకు మందు.

వైద్యుడు తరచు రెండు విధములైన మాత్రలు వ్రాయును. మొదటిది ప్రొప్రనొలాల్ వంటిది. గుండెదడను, వణుకును త్వరలోనే అణచును, మూలవ్యాధిని మాన్పదు. ఉబ్బసము కలవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను. రెండవది కార్బిమజోల్. ఇది క్రొత్త హార్మోను తయారగుటను అడ్డగించును. అయినను గుణము కనిపించుటకు కొన్ని వారములు పట్టును. గాదెలో వడ్లు పోయుట మానినను, లోపల నిలువయున్నవి తరుగుటకు దినములు పట్టును గదా! గ్రంథిలోని నిలువ హార్మోనును అట్లే ఖర్చు కావలెను.

ఈ భేదము తెలియకనే పలువురు చెడిపోవుచున్నారు. దడ తగ్గగనే వ్యాధి పోయినదని తలచి రెండు మాత్రలును మానుదురు. గ్రేవ్స్ వ్యాధికి కార్బిమజోల్‌ను సాధారణముగా 12 నుండి 18 నెలలు వాడవలసియుండును. హఠాత్తుగా మానిన కొందరికి తీవ్రజ్వరము, మతిభ్రమ, గుండె అతివేగము కలిగి ప్రాణముమీదికి రావచ్చును. అయితే ఈ మందు వాడుచుండగా జ్వరముతో గొంతునొప్పి గాని, నోటిపూత గాని వచ్చినచో మాత్ర ఆపి, ఆ దినముననే రక్తకణముల పరీక్ష చేయించుకొనవలెను. బహు అరుదుగా ఈ మందు తెల్లకణములను ప్రమాదకరముగా తగ్గించును. కామెర్లు కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మందు పూర్తిగా వాడినను సుమారు సగముమందికి వ్యాధి తిరుగబెట్టును. అట్టివారికి రేడియో అయోడిన్ చికిత్స కలదు. 1941లో అమెరికాలోని బోస్టన్ నగరమున డాక్టర్ సాల్ హెర్ట్జ్ దీనిని మొదట ప్రయోగించెను. హైదరాబాదు నిమ్స్ వంటి, అణువైద్య విభాగమున్న ఆసుపత్రులలో ఇది లభించును. నోటిద్వారా తీసికొనిన అయోడిన్ గ్రంథిని చేరి దాని కణములను నశింపజేయును. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఇది ఎంతమాత్రము పనికిరాదు. చికిత్స పొందినవారు కొన్ని దినములు పసిపిల్లలకు దూరముగా నుండవలెను. గ్రంథి పెద్దదై ఊపిరికి, మ్రింగుటకు అడ్డమైనచో శస్త్రచికిత్స మేలు. ఈ రెంటి తరువాతను పెక్కుమంది జీవితాంతము థైరాక్సిన్ మాత్ర వాడవలసియుండును. ఒక జబ్బు పోయి మరియొకటి వచ్చెనని విచారించువారు కలరు. అదుపులేని గుండెకన్న దినమునకొక మాత్రయే మేలని మా అభిప్రాయము.

గర్భము దాల్చదలచిన స్త్రీలు ముందుగనే వైద్యునికి తెలుపవలెను. తొలినెలలలో కార్బిమజోల్‌కు బదులు వేరు మందు ఇత్తురు. గ్రేవ్స్ వ్యాధిలో కొందరికి కనుగుడ్లు ముందుకు వచ్చును. బీడీ, చుట్ట త్రాగువారిలో ఇది ముదురును; రేడియో అయోడిన్ వలనను హెచ్చవచ్చును. చూపు మసకబారినను, ఒకే వస్తువు రెండుగా తోచినను ఆలస్యము చేయక కంటివైద్యునికి చూపవలెను.