చొక్కాకు చెమట వాసన ఎందుకు వదలదు?

పిల్లలూ,

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలయ్యేసరికే ఖరగ్‌పూర్‌లో ఉక్కపోత కూడా మొదలవుతుంది. ఒక ఏడాది ఆ నెలలోనే, నాన్నగారి బదిలీ మీద వచ్చి ఎనిమిదో తరగతిలో చేరిన అబ్బాయి ఒకడు జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేవాడు కాదు. మోచేతులు ఒంటికి అదిమిపెట్టుకుని, మెల్లగా చెప్పి ఊరుకునేవాడు. విడిగా పిలిచి అడిగితే చాలాసేపటికి నోరు విప్పాడు. "చొక్కా చంకలో పసుపు మరకుంది సార్. వాసన కూడా వస్తోంది. రోజూ రెండు పూటలా స్నానం చేస్తున్నాను." ఇంకా స్నేహితులే కుదరని ఊళ్లో ముందుగా ఈ పేరు వస్తుందేమోనని వాడి భయం.

అందులో వాడి తప్పేమీ లేదు. ఒంటినిండా ఉండే స్వేద గ్రంథుల చెమట దాదాపు ఉప్పునీరే. పెద్దవుతున్న వయసులో చంకల్లో మరో రకం గ్రంథులు పనిచేయడం మొదలుపెడతాయి. వీటి చెమటలో కొవ్వులు, ప్రోటీన్లు ఉంటాయి. దానికి కూడా మొదట వాసన ఉండదు. చర్మం మీది బాక్టీరియా వాటిని విడగొట్టినప్పుడు కొన్ని ఆమ్లాలు, మరికొన్ని పదార్థాలు పుడతాయి. మన ముక్కుకు తగిలేవి అవే. స్నానం ఒంటిని శుభ్రం చేస్తుంది కానీ చొక్కా చంకలో పేరుకున్న పాత జిడ్డును ఏమీ చేయలేదు. మళ్లీ చెమట తగలగానే వాసన లేస్తుంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అసలు కారణం చొక్కాలో ఉంటే మనం సెంటు సీసాలు కొంటాం.

బట్టను బట్టి కూడా తేడా ఉంటుంది. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 26 మందిచేత గంటసేపు వ్యాయామ సైకిల్ తొక్కించి, వాళ్ల చొక్కాలను మర్నాడు వాసన చూపించి పరీక్షించారు. (ఆ వాసన చూసినవాళ్లకు దండం పెట్టాలి!) నూలు చొక్కాల కంటే పాలియెస్టర్‌వి ఎక్కువ కంపు కొట్టాయి. పాలియెస్టర్ నీటిని పీల్చదు, జిడ్డును మాత్రం పట్టుకుంటుంది. మీ ఆటల టీషర్టు సంగతి ఇప్పుడు అర్థమైందా?

ఇక పసుపు మరక. చెమటను ఆపే స్ప్రేలలో, రోల్-ఆన్‌లలో అల్యూమినియం లవణాలు ఉంటాయి. అవి చెమటతో కలిసి బట్టలో గట్టిగా అట్టకడతాయి. తెల్ల చొక్కా కదా అని బ్లీచింగ్ పోస్తే పసుపు ఇంకా ముదరవచ్చు. ఒక కప్పు తెల్ల వెనిగర్‌లో నాలుగు కప్పుల నీళ్లు కలిపి, చొక్కా తిరగేసి, మరక ఉన్న చోటు అరగంట నానబెట్టండి. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది జాడించండి. రంగు చొక్కా అయితే ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూడండి. వెనిగర్‌ను బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు. విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

వాసనకు మందు వంట సోడా. హిందీలో మీఠా సోడా, బెంగాలీలో ఖాబార్ సోడా. గోల్‌బజార్‌లో ఏ పేరుతో అడిగినా ఇస్తారు. రెండు చెంచాల సోడాను కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి చంక భాగానికి పట్టించి, అరగంట ఆగి మామూలుగా ఉతకండి. సోడా క్షారం. వాసన ఆమ్లాలను నీళ్లలో కరిగే లవణాలుగా మారుస్తుంది. పూర్వం మన చాకిరేవుల్లో చౌడు మట్టి కలిపిన నీళ్లలో బట్టలు నానబెట్టి, బానలో ఉడకబెట్టింది కూడా ఇందుకే. చౌడులో ఉన్నదీ క్షారమే. సోడానూ వెనిగర్‌నూ కలిపి పోస్తే బుస్సుమని పొంగుతుంది, చూడటానికి బాగుంటుంది, కానీ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. అందుకని మరక, వాసన రెండూ ఉంటే ముందు వెనిగర్, బాగా జాడించాక సోడా.

మరక పూర్తిగా పోకముందు ఇస్త్రీ చేయకండి, వేడికి మరక బట్టలో స్థిరపడిపోతుంది. తడిసిన టీషర్టును సంచిలో కుక్కి రెండు రోజులు మరిచిపోకండి. ఇక్కడి వానాకాలంలో బట్టలు ఆరక ముక్క వాసన వస్తాయి కాబట్టి తిరగేసి, ఫ్యాను కిందైనా ఆరేయండి.

రేపు ఇంకో ఊరికి బదిలీ అయితే, అక్కడ మొదటిసారి బట్టలుతికేటప్పుడు నురగ చూడండి. సబ్బు నురగ రాకుండా తెల్లగా విరిగిపోతే అవి కఠిన జలాలు. ఆ సబ్బు తెట్టు బట్టకు అంటుకుని వాసనను కూడా పట్టి ఉంచుతుంది. అలాంటి ఊళ్లో బిళ్ల సబ్బు మానేసి పొడి వాడి, ఇంకో బకెట్ నీళ్లతో జాడించండి.