ముప్పై ఆరు సిలిండర్ల విమాన ఇంజను

పిస్టన్ ఇంజను శక్తి పెరగాలంటే అది ఎక్కువ గాలిని, ఎక్కువ పెట్రోలును మండించాలి. సిలిండర్‌ను పెద్దది చేస్తే పని జరిగిపోతుందనిపిస్తుంది. కానీ సిలిండర్ వెడల్పయ్యే కొద్దీ పిస్టన్ నడిమి భాగంలోని వేడి బయటికి పోదు. మంట అంచులదాకా పాకేలోపే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలి లోహాన్ని దెబ్బతీస్తుంది. బరువెక్కిన పిస్టన్‌ను వేగంగా ఆడించడమూ కష్టమే. అందుకే అమెరికా ఇంజనీర్లు సిలిండర్ల సంఖ్య పెంచుకుంటూ పోయారు.

ఆ దారిలో చివరిదాకా వెళ్లినది లైకమింగ్ కంపెనీ. అమెరికా గడ్డ మీది నుంచి బయలుదేరి, సముద్రం దాటి బాంబులు వేసి తిరిగి రాగల విమానం కావాలని సైన్యం 1941లోనే కోరింది. అంత దూరం పోవాలంటే బలమూ కావాలి, పొదుపూ కావాలి. పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో తయారైన ఎక్స్ఆర్-7755 ఇంజను 1944లో పరీక్షశాలలో తిరగడం మొదలుపెట్టింది. సిలిండర్లు 36, మొత్తం పరిమాణం 127 లీటర్లు, శక్తి 5,000 హార్స్‌పవర్. మామూలు చిన్న కారు ఇంజను పరిమాణం లీటరు, లీటరున్నర మాత్రమే. దీని బరువు దాదాపు 2,700 కిలోలు.

ఒక్కో వరుసలో నాలుగు చొప్పున తొమ్మిది వరుసల సిలిండర్లను, పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ అమర్చారు. ఇలా ఒకదాని వెనుక ఒకటి పెడితే వెనుకవాటికి చల్లగాలి సరిగా అందదు కాబట్టి ద్రవంతో చల్లార్చే పద్ధతి ఎంచుకున్నారు. దీని అసలు ప్రతిభ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లలో ఉంది. వాటిని పక్కకు జరపవచ్చు: ఒక స్థానంలో పైకి లేవడానికి కావలసిన పూర్తి శక్తి, మరో స్థానంలో సుదూర ప్రయాణానికి తగిన పొదుపు. ఆ కాలానికి ఇది గొప్ప ఆలోచన.

అయినా ఇది ఏ విమానాన్నీ ఎగరేయలేదు. 1942లోనే అమెరికా మొదటి జెట్ విమానం గాల్లోకి లేచింది. ముందుకూ వెనక్కూ ఆడే వందలాది భాగాలు లేకుండానే జెట్ ఇంజను అంతకంతకూ బలపడుతుంటే, 1946లో సైన్యం ఈ పథకాన్ని ఆపేసింది. సైన్యం కోరిన ఆ బాంబర్ బి-36 మాత్రం ఆరు ప్రాట్ అండ్ విట్నీ 28 సిలిండర్ల ఇంజన్లతో ఎగిరింది. తరువాతి రకాలకు నాలుగు జెట్‌లు కూడా తగిలించారు. మిగిలిన ఒక్క ఎక్స్ఆర్-7755 స్మిత్సోనియన్ సంస్థ సంరక్షణలో ఉంది.

సిలిండర్ల సంఖ్య పెంచడం కాక ఇంధనాన్నే మార్చి చూసినవారూ ఉన్నారు. 1928లో మిచిగాన్‌లో ప్యాకార్డ్ కంపెనీ డీజిల్ ఇంజనుతో విమానం ఎగిరింది. డీజిల్‌తో ఎగిరిన తొలి విమానం అదే. పేలుడు భయం తగ్గింది, ఖర్చూ తగ్గింది. అయితే గాలి లోపలికి రావడానికీ పొగ బయటికి పోవడానికీ ఒక్కో సిలిండర్‌కు ఒక్కటే వాల్వు. ఆ పొగ వాసన, అదురు ప్రయాణికులను ఇబ్బంది పెట్టాయి.

క్రైస్లర్ చేసిన 16 సిలిండర్ల తలకిందుల వి-ఇంజనుకు మాత్రం కొంత మెరుగైన గతి పట్టింది. క్రాంక్‌షాఫ్ట్ మరీ పొడవైతే మెలితిరిగి విరుగుతుంది. అందుకని శక్తిని కొస నుంచి కాక మధ్య నుంచి తీసుకున్నారు. 2,500 హార్స్‌పవర్ గల ఈ ఇంజను 1945లో పి-47 యుద్ధవిమానంలో ఎగిరింది కానీ ఆశించిన వేగం అందలేదు. అర్ధగోళాకారపు దహనగదుల గురించి అక్కడ నేర్చుకున్నది వృథా కాలేదు: 1951లో క్రైస్లర్ కార్లలో వచ్చిన వి-8 ఇంజను అలాంటి గదులతోనే తయారైంది.