చుట్టమొస్తే పిల్లి పులవుతోందా?

కాలింగ్ బెల్ మోగింది. ఊరి నుంచి వచ్చిన పెద్దత్తయ్య లోపలికి అడుగు పెట్టింది. సోఫా పక్కన కూర్చున్న పిల్లిని చూసి ముచ్చటపడి, ‘రావే బంగారూ’ అంటూ వంగి చెయ్యి చాపింది. పిల్లి చెవులు వెనక్కి వాలాయి. బుస్సుమంది. మరుక్షణం అత్తయ్య మణికట్టు మీద ఎర్రటి చారలు. ఇంట్లోవాళ్లకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపంలో పిల్లికి రెండు దెబ్బలు పడ్డాయి.

ఇలా రెండు మూడుసార్లు జరిగాక కొందరు ఇంటికి ఎవర్నీ పిలవడం మానేస్తారు. మరికొందరు పిల్లిని సంచిలో వేసుకెళ్లి ఊరవతల వదిలేసి వస్తారు. పుట్టినప్పటి నుంచి గిన్నెలో పెట్టింది తిన్న ప్రాణి అక్కడ ఎలా బతుకుతుందో ఆలోచించరు. ఈ రెండింటిలో ఏదీ అవసరం లేదు. పిల్లి అతిథి మీద ఎందుకు లేస్తుందో తెలిస్తే దాన్ని చాలావరకు ఆపవచ్చు.

పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మనవాళ్లు ఏనాడో అన్నారు. పశువైద్యులు చెప్పేదీ అదే. ఇంటి పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి. అది గుంపుగా కాదు, ఒంటరిగా వేటాడుతుంది. కాలికి గాయమైతే దానికి తెచ్చిపెట్టేవాళ్లు ఉండరు, పస్తే. పైగా తనకన్నా పెద్ద జంతువులకు తనే ఆహారం. అందుకే పోట్లాట దాని ఆఖరి ఎత్తు. పారిపోయే సందు ఉన్నంతవరకు పారిపోతుంది, దాక్కునే చోటుంటే దాక్కుంటుంది. ఆ రెండూ లేనప్పుడే గోళ్లు బయటికొస్తాయి. మనిషి పక్కన సుమారు 9,500 ఏళ్ల కిందట పూడ్చిపెట్టిన పిల్లి అస్థిపంజరం సైప్రస్ దీవిలో దొరికింది. ఇన్ని వేల ఏళ్లు మన పంచన ఉన్నా ఆ స్వభావం మారలేదు.

పెంకుటిళ్లలో ఈ గొడవ ఎందుకు తక్కువో ఆలోచించండి. చుట్టాలు గడప దాటేలోపు పిల్లి దూలం మీదికో, అటక మీదికో, పెరటి గోడ మీదికో చేరిపోయేది. అందరూ వెళ్లాక దిగొచ్చేది. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఉన్నది ఒకటే వీధి తలుపు. ఆ తలుపులోనే కొత్త మనిషి నిలబడి ఉంటాడు. పడగ్గది తలుపులు మూసి ఉంటాయి, బాల్కనీకి వల. ఇక మిగిలింది సోఫా కింద చోటే. అక్కడికీ పిల్లలు చెయ్యి దూరుస్తారు. నా దృష్టిలో ఇందులో సగం తప్పు ఇంటి అమరికది, సగం మన తొందరపాటుది. పిల్లిది చాలా కొంచెం.

దాడికి ముందే చెబుతుంది

ఉన్నట్టుండి మీద పడిందంటారు గానీ పిల్లి ముందే హెచ్చరిస్తుంది. తోక చివర టపటపా కొట్టుకుంటుంది. వీపు మీద చర్మం అలలా కదులుతుంది. వెలుతురు ఎంత ఉన్నా కనుపాపలు పెద్దవవుతాయి. చెవులు పక్కలకు తిరిగి, ఆపైన వెనక్కి వాలతాయి. ఒళ్లు బిగుసుకుంటుంది. వీటిని ఎవరూ పట్టించుకోకపోతేనే గుర్రుమనడం, బుసకొట్టడం. అలా గుర్రుమన్నందుకు పిల్లిని కొడితే, మందలిస్తే, మొహాన నీళ్లు చిమ్మితే అది మంచిదైపోదు. హెచ్చరించడం మానేసి నేరుగా రక్కడం నేర్చుకుంటుంది. అతిథి వచ్చిన ప్రతిసారీ తనకు దెబ్బలు పడతాయని కూడా గుర్తుపెట్టుకుంటుంది.

ఒక్కోసారి కోపం ఒకరి మీదైతే బలయ్యేది మరొకరు. కిటికీ అవతల వీధి పిల్లి కనిపించింది, లేదా దీపావళికి కింద టపాసులు పేలాయి. లోపల పిల్లి రగిలిపోతోంది. సరిగ్గా అప్పుడే ఎవరో లోపలికొస్తారు, ఆ కసి వాళ్ల కాలి మీద తీర్చుకుంటుంది. ఆ ఉద్రేకం గంటల తరబడి దిగకపోవచ్చు. బుజ్జగించాలని ఎత్తుకోకండి. గదిలో దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసి, దాని మానాన దాన్ని వదిలేయండి.

దారి, ఎత్తు, చాటు

ముందుగా ఒక గది దానికి కేటాయించండి. అందులో నీళ్లు, తిండి, లిట్టర్ ట్రే, దాక్కోవడానికి పక్కకు తిప్పిన అట్టపెట్టె ఉండాలి. చుట్టాలు రాని రోజుల్లోనూ అది అక్కడే పడుకుని, అక్కడే తినాలి. అతిథి వచ్చినప్పుడు మాత్రమే తోసి గడియ పెడితే దానికి అది జైలు. హాల్లో ఎత్తున ఒక చోటు చూపించండి. ఫ్లాట్లలో పాత సామాన్లతో నిండిపోయే సజ్జ ఖాళీ చేసి, అక్కడికి ఎక్కడానికి గోడకు రెండు మూడు చెక్కలు బిగిస్తే పోయిన అటక తిరిగొచ్చినట్టే. పైనుంచి మనుషుల్ని చూస్తూ కూర్చున్న పిల్లికి కిందికి దూకి కొట్లాడాల్సిన పని ఉండదు.

చాలా పిల్లులకు భయం మొదలయ్యేది బెల్ మోతతోనే. ఆ మోతను ఫోన్‌లో రికార్డు చేసి, వినీ వినిపించనంత సన్నగా పెట్టి, వెంటనే ఉప్పూ కారం ఉల్లీ వెల్లుల్లీ తగలని ఉడికిన చికెన్ ముక్క వేయండి. పిల్లి నిబ్బరంగా తింటుంటే మర్నాడు శబ్దం కాస్త పెంచండి. తినడం మానిందంటే తొందరపడ్డట్టే, వెనక్కి తగ్గండి. ఆ తర్వాత ఇంట్లో మనిషే బయటికెళ్లి బెల్ కొట్టి లోపలికి రావాలి. అదీ అలవాటయ్యాక నెమ్మదస్తురాలైన పక్కింటి పిన్నిగారిని ఓ పది నిమిషాలు వచ్చి కూర్చోమనండి. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలొస్తారని తెలిస్తే ఈ సాధన దసరా నుంచే మొదలుపెట్టాలి. వారంలో అయ్యే పని కాదిది.

పిల్లి మనిషిని కళ్లకన్నా ముందు ముక్కుతో పోల్చుకుంటుంది. అతిథి బ్యాగుకు ఊళ్లోని కుక్క వాసన అంటుకుని ఉంటే పిల్లి లెక్కలో ఆ కుక్క కూడా ఇంట్లోకి వచ్చినట్టే. కొన్నాళ్లు ఉండబోయేవారైతే వాళ్లు వాడిన తువ్వాలు ముందే తెప్పించి పిల్లి తిండిగిన్నెకు కాస్త ఎడంగా ఉంచండి. పిల్లులు బుగ్గలు రుద్ది వదిలే వాసనకు నకలుగా చేసిన ఫెరమోన్ డిఫ్యూజర్లు దొరుకుతున్నాయి. అవి కొన్ని పిల్లులకు ఊరటనిస్తాయి, వాటి మీదే భారం వేయకండి.

ఇక అతిథికి చెప్పాల్సినవి. మొహమాటపడకుండా గుమ్మంలోనే చెప్పేయండి: ‘అత్తయ్యా, దాన్ని చూడనట్టే ఉండండి, అదే వస్తుంది.’ పిల్లుల్ని ముద్దు చేసేవాళ్లను వదిలేసి, అవంటే గిట్టనివాళ్ల దగ్గరికే పిల్లి వెళ్లడం చాలామంది చూసే ఉంటారు. వాళ్లు దాన్ని కన్నార్పకుండా చూడరు, మీదికి వంగరు, చెయ్యి చాపరు. దానికి కావలసిందీ అంతే. బ్రిటన్‌లో సస్సెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, కళ్లు సగం మూసి నెమ్మదిగా రెప్పలార్పిన అపరిచితుల దగ్గరికి పిల్లులు ఎక్కువగా వెళ్లాయి. అతిథి చేతికి తిండి ఇచ్చి పిల్లిని దగ్గరికి రప్పించడం మాత్రం మొదట్లో వద్దు. ఆశకొద్దీ దగ్గరికొచ్చిన పిల్లి ముక్క అయిపోగానే తానెక్కడుందో గమనించి బెదిరి పంజా విసురుతుంది. ముక్కను దూరంగా విసరమనండి. దానంతటదే వచ్చి వేలు వాసన చూసి, బుగ్గ రుద్దితే అప్పుడు చెవి కింద, గడ్డం కింద నిమరవచ్చు. పొట్ట, తోక మొదలు ముట్టుకోకూడదు. రెండు మూడుసార్లు నిమిరి ఆపేయాలి.

చిన్నపిల్లలు వస్తే ఈ ప్రయోగాలేవీ వద్దు. పరుగులు, కేకలు, పిల్లి ఎత్తులోనే ఉండే మొహాలు, కళ్లు. బొమ్మల కొలువైనా, పుట్టినరోజైనా ఆ పూట పిల్లి తన గదిలో, తలుపు మూసి ఉండాలి.

గోళ్ల కొసలు అప్పుడప్పుడూ కత్తిరించండి. గోళ్లు తీయించేయడం గురించి ఆలోచించకండి. ఆ ఆపరేషన్‌లో ప్రతి వేలి చివరి ఎముకనూ కోసేస్తారు. అది క్రూరం. గోళ్లు పోయిన పిల్లికి మిగిలేవి పళ్లే.

నొప్పి ఉందేమో చూడండి

ఇన్నాళ్లూ నెమ్మదిగా ఉన్న పిల్లి హఠాత్తుగా మారితే ముందు వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అమెరికాలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలించి 2002లో వెలువరించిన అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. పిల్లి మూలగదు, నొప్పిని దాచుకుంటుంది. అరిగిన తుంటి మీద ఎవరి చెయ్యైనా పడితే అరుస్తుంది, కరుస్తుంది. పంటి జబ్బులు, థైరాయిడ్ ఎక్కువవడం కూడా ఇలాగే బయటపడతాయి. భయం మరీ ముదిరిన పిల్లికి అతిథులు వచ్చే ముందు డాక్టరు గాబాపెంటిన్ లాంటి మందు రాయవచ్చు. మనం వేసుకునే మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

కాటు పడితే సిగ్గుపడి దాచుకోవడం, ‘మన పిల్లే కదా’ అనుకోవడం ప్రమాదం. సన్నటి కోరలు లోతుగా దిగి, పైన చిన్న చుక్కలా కనిపిస్తాయి, లోపల చీము పడుతుంది. చేతి కీళ్ల దగ్గరైతే మరీ ముప్పు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. అదే రోజు డాక్టరుకు చూపించి ధనుర్వాతం, రేబిస్ టీకాల సంగతి తేల్చుకోవాలి. రేబిస్ కుక్క నుంచే కాదు, పిల్లి నుంచీ వస్తుంది. పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తర్వాతి డోసులు గడువు తప్పకుండా వేయిస్తూ ఉంటే ఇలాంటి పూట ఇంటిల్లిపాదికీ కాస్త ధైర్యంగా ఉంటుంది.

కొత్తగా పిల్లికూనను తెచ్చుకోబోయేవారికి ఒక మాట. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెలిగిన కూనలు పెద్దయ్యాక మనుషులకు త్వరగా మాలిమి అవుతాయని అమెరికాలో టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐలీన్ కార్ష్ 1980లలో చేసిన పరిశోధనల్లో తేలింది. కూనను మరీ పసిదిగా తల్లి నుంచి వేరు చేసి తేవడం తగదు కాబట్టి, ఆ వారాల్లో అది ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లే పెద్దలకూ, మగవాళ్లకూ, నెమ్మదిగా ఉండే పిల్లలకూ రోజూ కాసేపు దాన్ని అలవాటు చేయాలి. తెచ్చుకునేముందు ఆ సంగతి వాళ్లను అడగండి.